గ్యాస్ గీజర్: లోపలా, బయటా?

గ్యాస్ గీజర్ ఉన్న ఇంట్లో అందరికీ ఉండే భయం ఒకటే: గ్యాస్ లీకై ఎక్కడ పేలుతుందోనని. ఆ భయం అనవసరమని ఎవరూ అనరు. అయితే దానికి కొంత కాపలా ముందే ఉంది. ఎల్‌పీజీకి స్వతహాగా వాసన ఉండదు, అందులో ఈథైల్ మెర్‌కాప్టన్ కలిపి పంపుతారు. కాస్త లీకైనా ముక్కు పట్టేస్తుంది. రెగ్యులేటర్ ఆపేసి, కిటికీలు తీసి, స్విచ్‌ల జోలికి పోకుండా 1906కు ఫోన్ చేయాలని చాలామందికి తెలుసు. కానీ చలికాలం వచ్చిందంటే పేపర్లో కనిపించే బాత్రూమ్ మరణాల వెనక తరచుగా ఉండేది ఈ లీకు కాదు. గీజర్ మండుతూనే ఉంటుంది, నీళ్లు వేడిగానే వస్తుంటాయి, ఏ వాసనా ఉండదు. మంట వదిలిన కార్బన్ మోనాక్సైడ్ తన పని తాను చేసుకుపోతుంది. గ్యాస్ గీజర్ గురించి మన ఇళ్లలో జరిగే చర్చంతా మొదటి ప్రమాదం చుట్టూ తిరిగి, రెండోదాన్ని వదిలేస్తోంది. అమ్మేవాళ్లు చెప్పే సేఫ్టీ ఫీచర్లూ ఎక్కువగా మొదటిదాని గురించే.

ముందు లెక్క చూద్దాం. బజార్లో ఎక్కువగా అమ్ముడయ్యేది నిమిషానికి 6 లీటర్ల గీజర్. అంటే నిమిషానికి 6 లీటర్ల నీటిని దాదాపు 25 డిగ్రీలు వేడెక్కించగలదు. అందుకు సుమారు 12 కిలోవాట్ల మంట కావాలి. వంటింటి పొయ్యి బర్నర్లు ఐదారు ఒకేసారి పెద్ద మంట మీద పెట్టినట్టు. ఆ లెక్కన గంటకు కిలో దాకా గ్యాస్ కాలుతుంది. కిలో ఎల్‌పీజీ పూర్తిగా కాలాలంటే 15 కిలోలకు పైగా గాలి, అంటే దాదాపు 13 ఘనమీటర్ల గాలి కావాలి. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లలో ఐదడుగులకు ఏడడుగుల బాత్రూమ్ తీసుకోండి. ఎనిమిదడుగుల ఎత్తుకు అందులో పట్టే గాలి మొత్తం 8 ఘనమీటర్లు. తలుపు వేసి, ఎక్కడా సందు లేదనుకుంటే, ఐదారు నిమిషాల్లోనే గాలిలో ఆక్సిజన్ 21 శాతం నుంచి 18 శాతం దగ్గరికి దిగిపోతుంది. నిజానికి తలుపు కింద సందు ఉంటుంది, వెంటిలేటర్ ఉంటుంది కాబట్టి అంత వేగంగా దిగదు. కానీ దిగే దారి అదే. ఆక్సిజన్ తగ్గి, ఆవిరీ బొగ్గుపులుసు వాయువూ పెరిగిన గాలినే బర్నర్ మళ్లీ పీల్చుకుంటుంటే మంట సరిగా కాలదు. సగం కాలిన గ్యాస్ నుంచే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. కొత్త గీజరైనా, పెద్ద కంపెనీదైనా, ఈ లెక్క మారదు.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. బరువు దాదాపు గాలితో సమానం కనుక గదంతా కలిసిపోతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేట్టుండటం. తర్వాత కాళ్లలో సత్తువ పోతుంది. ఏదో తేడాగా ఉందని తెలిసేసరికి లేచి గడియ తీసే శక్తి ఉండదు. ఇంట్లో నలుగురు వరసగా స్నానం చేస్తే మొదటి మనిషి తలనొప్పితో బయటపడొచ్చు, ముప్పంతా మూడో మనిషికి, నాలుగో మనిషికి. పండగ రోజు తలంటు వరస గుర్తు చేసుకుంటే ఇది ఎంత మామూలుగా జరిగే విషయమో తెలుస్తుంది. చివరికి మిగిలేది సాధారణంగా ఇంటావిడే.

బతికి బయటపడ్డవాళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. బాత్రూమ్‌లో పడిపోయి, చేతులు కొట్టుకుంటూ కనిపించిన మనిషిని చూస్తే ఇంట్లోవాళ్లు మూర్ఛ అనుకుంటారు. అలా మూర్ఛ మందులు మొదలుపెట్టాక, తీరా అడిగితే బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉందని తెలిసిన కేసులను మన దేశంలో న్యూరాలజిస్టులు వైద్య పత్రికల్లో రాశారు. దీనికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని పేరు కూడా స్థిరపడింది. దక్షిణ కర్ణాటకలో తల మీద వేడినీళ్లు పోసుకుంటే వచ్చే మూర్ఛ ఒకటి విడిగా ఉంది కాబట్టి పొరపాటు పడటానికి అవకాశం మరీ ఎక్కువ. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఇక్కడ మోసం చేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ పట్టినదిగా చదువుతుంది, మనిషి స్పృహలో లేకపోయినా 98 చూపిస్తుంది. అందుకే అలాంటి మనిషిని ముందు గాలిలోకి ఈడ్చుకొచ్చి, గ్యాస్ ఆపి, 108కి ఫోన్ చేసి, ఆసుపత్రిలో మొదటి మాటగా చెప్పాల్సింది ‘గ్యాస్ గీజర్ నడుస్తోంది’ అని. మామూలు గాలి పీలిస్తే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నర. కొందరిలో కోలుకున్నారనుకున్నాక రోజులకో వారాలకో మతిమరుపు, నడకలో తేడా బయటపడతాయి. గర్భిణి అయితే, ఆమె బాగానే ఉన్నట్టు కనిపించినా కడుపులో బిడ్డకు ముప్పు ఎక్కువ.

ఇక పెట్టె మీద రాసిన సేఫ్టీల సంగతి. మంట ఆరిపోతే గ్యాస్ ఆపే సెన్సార్ ఉంటుంది. ఇది లీకు నుంచి కాపాడుతుంది. నీళ్లు ఆగితే మంట ఆపే డయాఫ్రమ్ ఉంటుంది. ఇది గీజర్ కాలిపోకుండా, ఒళ్లు కాలకుండా కాపాడుతుంది. ఇరవై నిమిషాలకు ఆగిపోయే టైమర్ కొన్నిటిలో ఉంటుంది. కుళాయి ఓసారి కట్టి విప్పితే మళ్లీ మొదలు. ఆక్సిజన్ తగ్గితే ఆపేసే ఏర్పాటు ఉందని కొన్ని కంపెనీలు రాస్తాయి. ఉంటే మంచిదే. కానీ మసి పట్టి, జెట్ మూసుకుపోయి పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు గదిలో ఆక్సిజన్ తగ్గాల్సిన పని లేదు. పైగా సేఫ్టీ ఎంత బాగున్నా రిపేరు చేసేవాడి చేతిలోనే ఉంటుంది. జపాన్‌లో పలోమా కంపెనీ గీజర్ల కథ ఇందుకు సాక్ష్యం. ఫ్యాన్‌తో పొగను బయటికి తోసే గీజర్లవి. ఫ్యాన్ తిరగకపోతే మంట వెలగకూడదు. కంట్రోల్ బాక్స్ చెడి గీజర్ మొరాయించినప్పుడు కొందరు మెకానిక్‌లు వైర్లు మార్చి కలిపి, ఫ్యాన్ తిరగకపోయినా వెలిగేట్టు చేసిపెట్టారు. 1985 నుంచి 2005 వరకు 28 ప్రమాదాలు, 21 మంది మృతి. విషయం మొత్తంగా బయటపడింది 2006లో. కంపెనీ మాజీ అధ్యక్షుణ్ణి 2010లో టోక్యో కోర్టు దోషిగా తేల్చింది. ఆ రిపేర్లు చేసినవాళ్లెవరూ చంపాలని చేయలేదు. చలికాలంలో వేడినీళ్లు రావట్లేదని ఫోన్ వస్తే, అప్పటికప్పుడు వచ్చేట్టు చేశారు. మన వీధి మెకానిక్‌ను మనం మెచ్చుకునేది కూడా సరిగ్గా ఆ పనికే.

కాబట్టి నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అసలు ప్రశ్న ఒకటే. గీజర్ బాత్రూమ్ లోపలా, బయటా? మిగతావన్నీ దాని తర్వాతవి. మన పాత ఇళ్లలో స్నానానికి నీళ్లు పెరట్లో కాగులోనే కాచేవాళ్లు, కాస్త కలిగిన ఇళ్లలో రాగి బాయిలర్ ఉండేది. నిప్పు బయట, నీళ్లు లోపలికి. నిప్పును కూడా స్నానాల గదిలోకి తెచ్చింది ఆధునిక గీజరే. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ తయారుచేసిన తొలి గ్యాస్ గీజర్‌కు పొగగొట్టమే లేదు. ఆ లోపాన్ని దిద్దుకోవడానికి ప్రపంచానికి వందేళ్లకు పైగా పట్టింది. బ్రిటన్ నిబంధనల ప్రకారం ఇప్పుడు స్నానాల గదిలో గ్యాస్ పరికరం పెట్టాలంటే అది రూమ్ సీల్డ్ రకమే కావాలి. అంటే మంటకు గాలి గోడ బయటినుంచే రావాలి, పొగ గోడ బయటికే పోవాలి, గదిలో గాలితో దానికి సంబంధమే ఉండకూడదు. చైనా పొగగొట్టం లేని స్నానాల గీజర్ల తయారీని 1999లో, అమ్మకాన్ని 2000లో నిషేధించింది. మన దగ్గర ఎల్‌పీజీ గీజర్లకు ఐఎస్ 15558 అనే ప్రమాణం ఉంది, ఐఎస్ఐ గుర్తు పైన ఆ నంబరు ఉందో లేదో చూసి కొనాలి. కానీ ప్రమాణం పెట్టెకు సంబంధించింది. పెట్టెను ఏ గోడకు తగిలిస్తున్నారో అడిగేవాళ్లు లేరు. గాలి ఆడే చోట, బాత్రూమ్ బయట బిగించాలని చాలా కంపెనీల మాన్యువల్స్‌లోనే ఉంటుంది. ఆ పుస్తకం అట్టపెట్టెతో పాటే అటక ఎక్కుతుంది.

బయట అంటే ఎక్కడ? వంటింటి వెనక ఆకాశం కనిపించే వాష్ ఏరియా మంచి చోటు. అక్కడినుంచి బాత్రూమ్‌కు వేడినీళ్ల పైపు వేయాలి. మామూలు పీవీసీ వేడికి ఆగదు, సీపీవీసీ వేయాలి. పది మీటర్ల అరంగుళం పైపులో పట్టే చల్లనీళ్లు లీటరున్నరకు మించవు. మొదట అవి పోయేదాకా ఆగాలి, అంతే. దానికి బద్ధకించి గీజర్‌ను లోపలికి తేవడంలో అర్థం లేదు. బయట పెట్టినా రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, అదే బాల్కనీని రెండేళ్ల తర్వాత దుమ్ము వస్తోందనో, పావురాలు వస్తున్నాయనో అద్దాల స్లైడింగ్ పెట్టి మూసేస్తారు. గీజర్ ఉన్నచోటే ఉంటుంది, బయటే లోపలైపోతుంది. రెండు, అపార్ట్‌మెంట్ డక్ట్. నాలుగు అంతస్తుల బాత్రూమ్ వెంటిలేటర్లన్నీ తెరుచుకునే ఆ ఇరుకు సందులో గీజర్ పెట్టినా, దాని గొట్టాన్ని అందులోకి వదిలినా, మన పొగ పైవాళ్ల బాత్రూమ్‌లోకి పోతుంది. వాళ్ల ఇంట్లో గీజర్ కరెంటుదే అయినా సరే.

లోపలే పెట్టక తప్పదంటే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే చాలదా? దీని మీద మాటలు రెండు రకాలుగా ఉన్నాయి. గొట్టం లేని గీజర్‌కు, కింద నుంచి గాలి వచ్చే దారి ఉంటే, ఫ్యాన్ మేలు చేస్తుంది. కానీ తలుపు కింద సందును చప్టాతో మూసేసి ఫ్యాన్ ఒక్కటే పెడితే అది ఎక్కడి గాలిని లాగుతుంది? గొట్టమున్న గీజరైతే, గాలి రావడానికి మరో దారి లేక గొట్టంలోంచే రావచ్చు, బయటికి పోవాల్సిన పొగను వెంట తీసుకుని. పైన పోయే దారి, కింద వచ్చే దారి, రెండూ ఎప్పుడూ తెరిచి ఉండాలి. మన వెంటిలేటర్ల స్థితి ఇక్కడ చెప్పాలి. అద్దం పలకలు అడ్డంగా పేర్చిన వెంటిలేటర్, దాని వెనక దోమల జాలి, జాలి మీద ఏళ్లనాటి దుమ్ము సబ్బు ఆవిరికి అతుక్కుని బూడిదరంగు గుడ్డలా తయారై ఉంటుంది. డిసెంబరులో చలిగాలి కొడుతోందని లోపలివైపు అట్టముక్క పెడతారు. గీజర్ ఎక్కువ వాడేది, వెంటిలేటర్ మూసేది ఒకే నెలలో. అందువల్ల నేనైతే లోపల పెట్టిన గీజర్‌కు ఫ్యాన్ ఉంది కదా అని ఒప్పుకోను.

బిగించే పనిలో గమనించాల్సినవి ఇంకొన్ని. సిలిండర్ బాత్రూమ్‌లో ఉండకూడదు. ఎల్‌పీజీ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, లీకైతే నేల మీద పారి మోరీ దగ్గర చేరుతుంది. వంటింటి సిలిండర్‌కే ‘టీ’ పెట్టి పొడుగాటి రబ్బరు పైపు గదులు దాటించడం ఇంకా జరుగుతూనే ఉంది. రబ్బరు పైపు మీటరున్నర దాటకూడదు, దానికంటే దూరమైతే రాగి పైపు వేయించాలి. సురక్షా పైపుకు కూడా ఆయుష్షు ఐదేళ్లే. జాయింట్లన్నీ సబ్బు నురగతో చూడాలి, అగ్గిపుల్లతో కాదు. భాగ్యనగర్ గ్యాస్ పైపులైను వచ్చిన హైదరాబాద్, విజయవాడ, కాకినాడ ఇళ్లలో మరో సంగతి ఉంది. పైపు గ్యాస్ మీథేన్, వేడిచ్చే శక్తి ఘనమీటరుకు ఎల్‌పీజీలో సగం కంటే తక్కువ. ఇంటికొచ్చే ప్రెషర్ 21 మిల్లీబార్లు, సిలిండర్‌ది 30. అందువల్ల రెండింటికీ జెట్ రంధ్రాలు వేరు. పైపు గ్యాస్ జెట్లున్న గీజర్‌ను తెచ్చి సిలిండర్‌కు తగిలిస్తే గ్యాస్ ఎక్కువై, గాలి చాలక, పసుపు మంట, మసి, వాటితో పాటే కార్బన్ మోనాక్సైడ్. పాత గీజర్ చవగ్గా దొరికిందని కొనేవాళ్లు ముందు అడగాల్సింది ఇది ఏ గ్యాస్‌ది అని.

చవక మాట వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. గ్యాస్ గీజర్ కొనడానికి అందరూ చెప్పే కారణం కరెంటు బిల్లు. బకెట్ నీళ్లు, 20 లీటర్లు, 20 డిగ్రీలు వేడెక్కించడానికి కరెంటు అర యూనిట్ పడుతుంది. యూనిట్ 6 రూపాయలనుకుంటే 3 రూపాయలు. అదే పనికి గ్యాస్ 45 గ్రాములు. 14.2 కిలోల సిలిండర్ 900 రూపాయలనుకుంటే అదీ 3 రూపాయల దగ్గరే తేలుతుంది. ట్యాంకు గీజర్ గంటలకొద్దీ ఆన్‌లో వదిలేసే ఇంట్లో తేడా కనిపిస్తుంది గానీ, అది మన స్విచ్ అలవాటు వల్ల వచ్చింది. కరెంటు కోతలున్న ఊళ్లలో, వైరింగ్ బలంగా లేని అద్దె ఇళ్లలో గ్యాస్ గీజర్‌కు న్యాయమైన కారణం ఉంది. డబ్బు మిగులుతుందనే కారణం అంత గట్టిది కాదు.

నిర్వహణ పెద్ద విద్యేమీ కాదు, కానీ ఏడాదికోసారి, చలి మొదలవకముందే జరగాలి. గీజర్ ముందు చిన్న కిటికీలోంచి మంట చూడండి. నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు నాలుకలు పైకి లేస్తున్నా, పైన గాలి పోయే గాట్ల చుట్టూ గోడకు నల్ల మరక పడినా ఆ రోజే ఆపేయాలి. మూత విప్పితే పైన రాగి రేకులు దగ్గరదగ్గరగా పేర్చినట్టు ఉంటాయి. వేడి వాయువులు వాటి మధ్య నుంచే పోవాలి. అక్కడ మసి పేరుకుంటే దారి మూసుకుని, మంట ఇంకా చెడి, ఇంకా మసి పడుతుంది. బర్నర్ జెట్లలో దుమ్ము, సాలీడు గూళ్లు చేరతాయి. ఎండాకాలమంతా ఊరికే ఉన్న గీజర్‌లో ఇవి మరీ ఎక్కువ. బోరు నీళ్ల ఊళ్లలో పైపు లోపల ఉప్పు పేరుకుంటుంది, నీళ్లు సన్నగిల్లుతాయి. అప్పుడు చాలామంది చేసే పని గ్యాస్ నాబ్ పెంచడం. టకటకమని స్పార్క్ కొడుతూ వెలగకపోతే ముందు సెల్స్ మార్చి చూడాలి. రెండో మూడో ప్రయత్నంలో భగ్గుమని అంటుకుంటే అది సెల్స్ గొడవ కాదు, మెకానిక్ చూడాల్సింది.

ఆ మెకానిక్ ఎవరన్నదే చివరికి తేలని ప్రశ్న. బ్రిటన్‌లో 2009 నుంచి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరు లేనివాడు వృత్తిగా గ్యాస్ పరికరం ముట్టుకోకూడదు, కార్డు చూపించాలి. ఇంటి యజమాని ఏటా తనిఖీ చేయించి, ఆ కాగితం కొత్తగా దిగే కిరాయిదారుకు ముందే ఇవ్వాలి. అక్కడ చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు ఇల్లు తీసుకునేటప్పుడు అది అడిగి తీసుకోవచ్చు. అడగటానికి మొహమాటపడాల్సిన పనే లేదు. బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టడం 2022 అక్టోబర్ నుంచి ఇంగ్లండ్‌లో యజమాని బాధ్యతే. అమెరికాలో ఇల్లంతా వేడిచేసే ఫర్నేస్ ఉన్న తెలుగు ఇళ్లకు హెచ్చరిక వేరు. మంచు పడ్డ రోజు గోడ బయట ఉన్న పొగ గొట్టం మూసుకుపోయిందేమో చూడాలి, అలారం నిద్రపోయే గదుల దగ్గర ఉండాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఆ అలారం మోత ఎలా ఉంటుందో ఒకసారి వినిపించి, మోగితే బయటికి వచ్చేయమని చెప్పాలి.

మన దగ్గరా ఆ అలారాలు దొరుకుతున్నాయి. కానీ షాపులో గ్యాస్ డిటెక్టర్ అని అడిగితే ఇచ్చేది సాధారణంగా ఎల్‌పీజీ లీకును పట్టేది. దాన్ని నేలకు దగ్గరగా పెడతారు, అది కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టదు. రెండూ వేర్వేరు. బాత్రూమ్ ఆవిరికి సెన్సార్ త్వరగా పాడవుతుంది కాబట్టి తలుపు బయట పెట్టాలంటారు. అప్పుడేమో లోపలి మనిషికి ముప్పు ముదిరాకే మోగుతుంది. లోపలి గీజర్‌కు అలారం కూడా పూర్తి జవాబు కాదు.

బాత్రూమ్ దాటి పడకగదికొస్తే లెక్క అదే, సమయం ఎక్కువ. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో ఒక రిసార్టు గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని, తలుపులూ కిటికీలూ వేసుకుని పడుకున్న కేరళ యాత్రికులు 8 మంది చనిపోయారు. అందులో నలుగురు పిల్లలు. లంబసింగికో అరకుకో చలి చూడటానికి వెళ్లి, టెంటులోకి బొగ్గుల కుంపటి తెచ్చుకునేవాళ్లది కూడా ఇదే దారి. పొగ రావట్లేదు, నిప్పు ఎర్రగా ఉంది కాబట్టి ఫర్వాలేదనుకుంటారు. ఎర్రటి బొగ్గే కార్బన్ మోనాక్సైడ్‌ను ఎక్కువగా వదిలేది.

మన నగరాల్లో గ్యాస్ గీజర్ ఎక్కువగా అద్దె ఇళ్ల వస్తువు. ఇల్లు మారినప్పుడు మంచాలతో పాటు లారీ ఎక్కుతుంది. పాత ఇంట్లో వాష్ ఏరియాలో ఉండి ఉండొచ్చు, కొత్త ఇంట్లో వాష్ ఏరియా లేదు. గోడలోంచి వేసిన పొగగొట్టం పాత ఇంట్లోనే ఉండిపోతుంది. కొత్త ఇంటి ఓనరు గోడకు కన్నం పెట్టనివ్వడు. సామాను సర్దే హడావిడిలో దొరికిన ప్లంబర్ రెండు మేకులు కొట్టి, అరగంటలో బాత్రూమ్‌లో తగిలించి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. అలాంటి ఇంట్లో గీజర్‌ను అట్టపెట్టెలోనే ఉంచి, కరెంటు గీజరో, అదీ కుదరకపోతే వంటింటి పొయ్యి మీద గిన్నెతో కాచిన నీళ్లో వాడుకోవడం మేలు.